దేవరకద్ర అంగడి బొంతలు: పండుగ డబ్బుతో కుట్టించి, కప్పుకుని, పంచాక నా రివ్యూ

ముందు ధర చెప్తాను, అందరూ నన్ను మొదట అడిగేది అదే. ఇద్దరు పడుకునే పెద్ద బొంతకు కుట్టుకూలి 1,300 రూపాయలు ఇచ్చాం. ఒక్కరికి సరిపోయే చిన్నదానికి 700. చీరలు మనమే ఇవ్వాలి, దారం వాళ్లు తెచ్చుకుంటారు. కుట్టేది మహబూబ్‌నగర్ జిల్లా దేవరకద్రకు దగ్గరి ఊళ్లో ఉండే అత్తాకోడళ్లు. వాళ్లకు దుకాణం లేదు, బోర్డు లేదు. బుధవారం అంగడి రోజు బట్టలు పరిచే వరుస చివర్లో పెద్దామె గోనెసంచి మీద రెండు మూడు బొంతలు మడతపెట్టుకుని కూర్చుంటుంది. నేను అవ్వా అని పిలుస్తాను, ఆమె నన్ను టీచరమ్మా అంటుంది.

మేము ఉండేది మహబూబ్‌నగర్‌లో. 2025 దసరాకు ముందు మా అబ్బాయి హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, 55 అంగుళాల టీవీ ఒకటి, కంఫర్టర్లు రెండు చూసిపెట్టానన్నాడు. సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది, పైన పండుగ సేల్, ఆ పైన కార్డు తగ్గింపు, ఇంతకన్నా మంచి టైం రాదమ్మా అన్నాడు. వాడి లెక్క సరైనదే. కానీ మా గోడ మీది టీవీ బాగానే నడుస్తోంది. బీరువా పైన విప్పని రగ్గులు రెండు ప్లాస్టిక్ సంచుల్లో అలాగే ఉన్నాయి, అందులో ఒకటి వాడి పెళ్లికి వచ్చింది. ధర తగ్గిందని మనకు అవసరం పుట్టుకొస్తుందా? ఆ డబ్బు ఈ పండుగకు నాకు ఇవ్వు, నేను చెప్పిన పని చేద్దాం అన్నాను. వాడు ఆలోచించుకుని, కోడలితో మాట్లాడి ముప్పై వేలు పంపాడు. ఏ పని అని అడగలేదు. ఆ మాటకొస్తే అప్పటికి నాకూ తెలియదు.

దసరాకు ముందటి బుధవారం మా ఆయనతో కలిసి ఉల్లిగడ్డలు కొనడానికి దేవరకద్ర అంగడికి వెళ్లాను. అక్కడే అవ్వను చూశాను. ఒక బొంత విప్పి ఎండకు పట్టి చూపించమన్నాను. ఎక్కడా దారం వదులుగా లేదు, కుట్టుకూ కుట్టుకూ మధ్య దూరం అటుచివర నుంచి ఇటుచివర దాకా ఒక్కటే. నేను ముప్పై ఏళ్లకు పైగా బడిలో పిల్లల రాత దిద్దినదాన్ని, చేతి పని ఎవరిది శ్రద్ధగలదో ఎవరిది కాదో నాకు తెలుస్తుంది.

బొంత గురించి పట్నంలో పెరిగినవాళ్లకు కొంచెం చెప్పాలి. నారాయణపేట, మక్తల్ దాటి కర్ణాటకలోకి వెళ్తే దీన్నే కౌది అంటారు, మరాఠీవాళ్లు గోధడి అంటారు. పాత చీరలు, ధోవతులు పొరలుగా పరిచి, చుట్టూ అంచు మడిచి కుట్టి, అక్కణ్నుంచి లోపలికి వరుసలు వరుసలుగా కుట్టుకుంటూ మధ్యకు చేరతారు. మామూలు చీర ఐదున్నర మీటర్లు. దాన్ని పొడవులో మూడు మడతలు వేస్తే మనిషి నిడివి, ఆరడుగులు వస్తుంది. వెడల్పు మూడున్నర అడుగుల పైన. అంటే రెండు చీరలు ఒకదాని మీద ఒకటి వేస్తే ఆరు పొరల చిన్న బొంత. పెద్దదానికి పక్కపక్కన రెండేసి కలపాలి కాబట్టి నాలుగు చీరలు. కత్తెర చాలా తక్కువ వాడతారు. చిరిగిన చోట మాత్రం కోసి, ఆ జాగాలో అతుకు వేస్తారు.

ఎలాంటి చీరలు తేవాలని అడిగితే అవ్వ చెప్పింది: "కొత్త బట్ట కుట్టుకు లొంగది బిడ్డా. కట్టి కట్టి, ఉతికి ఉతికి మెత్తగైన నూలు చీరనే బొంతకు పానం. జారుడు చీరలు తేకు, లోపల పొరలన్నీ ఒక్క దిక్కుకు గుంజుకపోతయి." పాలిస్టర్, జార్జెట్ వద్దని ఆమె అంత గట్టిగా ఎందుకు చెప్పిందో ఇప్పుడు అర్థమవుతోంది. ఆ బట్ట చెమట పీల్చదు, సూది వేసిన చోట పిగులుతుంది. నూలయితే చర్మానికి హాయి.

ఇంటికొచ్చి సందూక తెరిచాను. అందులో సగం మా అమ్మ చీరలు. అమ్మ పోయాక వాటిని ఏటా ఎండలో వేసి, కలరా ఉండలు మార్చి, మళ్లీ మడతపెట్టడమే నా పని. అమ్మకు నారాయణపేట చీరలంటే ప్రాణం. సన్న గళ్లు, మెరుపు లేని రంగులు, గోపురాల వరుసతో వెడల్పు అంచు. బస్సులో ఆ ఊరిదాకా వెళ్లి నేతగాళ్ల దగ్గరే తెచ్చుకునేది. వాటిని ఇవ్వాలా వద్దా అని చాలాసేపు అక్కడే కూర్చున్నాను. నా తరవాత వాటిని ఎవరూ కట్టరు, నేనే కట్టడం లేదు. పెట్టెలో ఉంచితే చీకి మడతల దగ్గర పగులుతాయి. ఒక్క చీర ఉంచుకుని మిగతావన్నీ మూటకట్టాను. అవ్వకు ఇచ్చేటప్పుడు ఇవి మా అమ్మవి అన్నాను. ఆమె అంచులు చేత్తో తడిమి చూసి, వీటిని లోపలికి మడవను, చుట్టూ బయటికే కనపడేటట్టు కుడత అంది. చెప్పినట్టే చేసింది. ఆ గోపురాలు బొంతకు నాలుగు పక్కలా బయటికే ఉన్నాయి, మూలల్లో కలిసిన చోట కూడా ఒక్కటి తప్పిపోలేదు.

నా చీరలు చాలవు కాబట్టి కాలనీలో అడిగాను. ఇక్కడ ఒక మాట నిర్మొహమాటంగా చెప్పాలి. చాలామంది మనస్ఫూర్తిగా మంచి చీరలు ఇచ్చారు. కొందరు మాత్రం బీరువా ఖాళీ చేసుకోవడానికి నా సంచి వాడుకున్నారు. ఫాల్ ఊడినవి, నూనె మరకలవి, లంగా గుడ్డలు, ఒకరైతే చిరిగిన కర్టెను. అవ్వ వాటిని పక్కకు నెట్టేసింది. మనం ముట్టుకోవడానికి ఇష్టపడనిది ఇంకొకరి ఒంటి మీద కప్పమనడం దానం ఎలా అవుతుంది? ఎదురింట్లో ఉండే క్రైస్తవ కుటుంబం అలా చేయలేదు. ఆ అక్క ఉతికి, గంజి పెట్టకుండా ఆరబెట్టి, మడతపెట్టి పది నూలు చీరలు తెచ్చింది. క్రిస్మస్‌కు కొనాలనుకున్న కొత్త సోఫా కవర్లు మానుకుని, రెండు పెద్ద బొంతల కూలి కూడా ఇచ్చింది.

ఇప్పుడు కూలి సంగతి. అవ్వ పెద్ద బొంతకు అడిగింది 600, చిన్నదానికి 300. అంగడిలో ఆ ధరకూ బేరం ఆడేవాళ్లను నేనే చూశాను, నాలుగు వందలకు ఇస్తావా అని. ఎన్ని రోజులు పడుతుందని కోడల్ని అడిగాను. ఇద్దరూ పొద్దున కూర్చుంటే పెద్దది రెండు రోజులకు అవుతుందంది. అంటే నాలుగు రోజుల మనిషి పని. 600ను నాలుగుతో భాగిస్తే రోజుకు 150 పడుతుంది. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. మట్టి తవ్వే పనికి ప్రభుత్వం కట్టిన కనీసపు లెక్కలో సగం కూడా రాని కూలికి, ఇంత నైపుణ్యమున్న పని చేయించుకుని దాన్ని పేదలకు పంచి పుణ్యం కట్టుకుంటే, ఆ పుణ్యం ఎవరి జేబులోంచి వచ్చినట్టు? అందుకే 307ను నాలుగుతో హెచ్చవేసి, దారం ఖర్చు కలిపి 1,300 ఖాయం చేశాం. కోడలు నమ్మలేదు, ఫోనులో తను కూడా లెక్క కొట్టి చూసుకుంది. మీరు కుట్టించుకున్నా దయచేసి ఇంతకు తగ్గించకండి. ఆమె తక్కువ అడిగినా మీరు తక్కువ ఇవ్వకండి.

పది పెద్దవి, ఆరు చిన్నవి ఆర్డర్ ఇచ్చాను. ఎదురింటి అక్క ఇచ్చిన రెండూ ఈ పదిలోవే. మిగిలిన డబ్బుతో మా ఇంట్లో పని చేసే ఆమెకు, చెత్త బండి మీద వచ్చే ఇద్దరికి దసరా బట్టలు పెట్టాం, వాళ్లకు నచ్చినవి వాళ్లే ఎంచుకునేటట్టు దుకాణానికి తీసుకెళ్లి. ఇంకా కొంత రవాణాకు ఉంచాను. అక్టోబరు 2న పండుగ అయింది. మా అబ్బాయి, కోడలు, పిల్లలు వచ్చారు. సాయంత్రం జమ్మి ఆకు చేతిలో పెట్టి బంగారం అంటూ పెద్దల కాళ్లు మొక్కడం, అందరినీ కౌగిలించుకోవడం, అంతా ఎప్పటిలాగే జరిగింది. కొత్త టీవీ లేదని ఎవరికీ గుర్తు కూడా రాలేదు. మనవరాలు మాత్రం బొంతలు చూస్తానని పట్టుబట్టి, పండుగ తెల్లారి మాతో వచ్చి అవ్వ పక్కన కూర్చుని సూదుల్లో దారం ఎక్కించింది. అవ్వకు చూపు ఆనదు, దారం ఎక్కించడానికే ఆమెకు చాలా సమయం పోతుంది. ఆ పిల్ల ఎక్కించి పెట్టిన సూదులు వరుసగా గోడకు గుచ్చి పెట్టుకుంది.

సర్వీసులో లోపం ఏంటంటే గడువు. కార్తీకం మధ్యకల్లా ఇస్తామన్నవి డిసెంబరు మూడో వారానికి చేరాయి. కారణం నాకు ముందే తట్టాల్సింది. దీపావళి కాగానే కురుమూర్తి జాతర మొదలవుతుంది, వడ్డెమాన్ నుంచి స్వామి ఉద్దాలు (పాదుకలు) వచ్చే రోజు ఆ చుట్టుపక్కల ఊళ్లల్లో సూది పట్టేవాళ్లు ఎవరుంటారు? జాతర అయ్యేదాకా వాళ్లింటికి చుట్టాలు, ఆ తరవాత పత్తి ఏరే కైకిలి. పత్తి ఏరితే కూలి ఏ రోజుకారోజు చేతికొస్తుంది, బొంత ఎప్పుడైనా కుట్టవచ్చు. వాళ్ల లెక్కను నేను తప్పుపట్టను. మీకు ఫలానా తేదీకి కావాలంటే మాత్రం రెండు నెలలు ముందే చెప్పాలి. సగం కూలి ముందే ఇచ్చేస్తే వాళ్లకు ధైర్యంగా ఉంటుంది.

ఎవరికి ఇవ్వాలన్నది అవ్వ చెప్పిందే. నేను గుడి ముందు కూర్చునేవాళ్లకు ఇద్దామనుకున్నాను. ఆమె, "గుడి కాడ అందరు ఇస్తరు. బట్టీల కాడికి ఎవరు పోరు. ఆడ పోరగాండ్లు నేల మీదనే పంటరు" అంది. ఆమెకు ఎలా తెలుసంటే, తను వయసులో ఉన్నప్పుడు పెనిమిటితో గుంపు మేస్త్రీ వెంట ఎక్కడెక్కడో డ్యాముల పనికి పోయింది. బొంత, గంజు, తట్ట, పార, అంతే సామాను. ఇప్పుడు కోడలు సంక్రాంతి కాగానే పుణె పోతుంది. పాలమూరు నుంచి మనవాళ్లు అటు పోతే, ఒడిశాలోని బలంగీర్, నువాపాడా వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు చలికాలంలో మన ఇటుక బట్టీలకు వస్తాయి. అడ్వాన్సు తీసుకుని వచ్చి, వానాకాలం ముందు దాకా ఇక్కడే ఉంటారు. పచ్చి ఇటుకలు పేర్చి పైన రేకు వేసిన గుడిసెలు, నిలబడితే తల తగిలే ఎత్తు.

క్రిస్మస్ వారంలో ఎదురింటి అక్కావాళ్లు, మేము కలిసి జడ్చర్ల వైపు ఉన్న ఒక బట్టీకి వెళ్లాం. మేస్త్రీ మమ్మల్ని చూసి, "పంచాయతీ ఎన్నికలు అయిపోయినయి కదా మేడం, ఇప్పుడెందుకు?" అన్నాడు. ఏ పార్టీ కాదని, పేర్లు రాసుకోబోమని, ఫొటోలు తీయబోమని చెప్పాక లోపలికి పంపాడు. ఫొటోలు నిజంగానే తీయలేదు.

ఒక ఒడియా అమ్మాయి, ఇరవై రెండేళ్లుంటాయేమో, చంకలో పాపతో వచ్చింది. అందరిలా పై రంగు చూడలేదు. బొంత తిప్పి అడుగు పక్క కుట్టు మీద వేలు పెట్టి వరుస వెంట చివరిదాకా పోనిచ్చింది. వాళ్లమ్మ కూడా ఇలాగే కుడుతుందని సగం హిందీలో, సగం చేతులతో చెప్పింది. అమ్మ చీరలతో కుట్టిన బొంత ఎవరికివ్వాలని దారంతా అనుకుంటూ వెళ్లాను. ఆమెకిచ్చాను. అవ్వ మిగిలిన ముక్కలన్నీ అతికి, కూలి లేకుండా, తన తరఫున ఒక పసిపిల్ల బొంత కుట్టి పంపింది. అది ఆ పాపకే వెళ్లింది. అవ్వది రోజు కూలి బతుకు, అయినా ఆ పూట మా అందరికన్నా ఎక్కువ ఇచ్చింది ఆమే.

ఇక వస్తువుగా బొంత ఎలా ఉందంటారా. ఒక పెద్దది ఇంట్లో ఉంచుకుని రోజూ వాడుతున్నాను, నా అనుభవం చెప్తాను. ఒంటికి హత్తుకుని ఉంటుంది, కంఫర్టర్‌లా కాళ్ల దగ్గర జారిపోదు. మెత్తదనం మాటల్లో చెప్పలేను, ఏళ్ల తరబడి ఉతికిన నూలుకు ఏ కొత్త బట్టా సాటిరాదు. కానీ బరువు ఎక్కువ. బరువుతో పోలిస్తే వెచ్చదనంలో దూది నింపిన రజాయి, కంఫర్టర్ దీనికన్నా మేలు, ఆ మాట దాచను. డిసెంబరు చివరి రాత్రుల్లో పైన ఒకటే చాలలేదు, కింద ఇంకొకటి పరిస్తే చలి ఆగింది. నేల మీద పడుకునేవాళ్లకైతే బొంతకు సాటి లేదు. పరుపులా కింద వేసుకోవచ్చు, సగం మడిచి లోపల దూరవచ్చు, పొద్దున చుట్టి మూటకు కట్టుకోవచ్చు. ఇసుకలో, మట్టిలో పడినా దులిపితే పోతుంది.

ఉతకడం కష్టం. తడిస్తే ఒక్కరు ఎత్తలేరు. వాషింగ్ మెషీన్‌లో వేయాలని చూడకండి, మోటారు పోతుంది. పెద్ద టబ్బులో నానబెట్టి, కాళ్లతో తొక్కి, ఇద్దరు రెండు కొసలు పట్టి పిండాలి, రెండు రోజుల ఎండ తగలాలి. పాత చీరలు కాబట్టి రంగు దిగదు. అందుకున్న రోజే అంతా అరచేత్తో ఒత్తి చూసుకోండి. ఒకదాంట్లో విరిగిన సూది మొన దొరికింది. అవ్వకు చెప్తే చాలా నొచ్చుకుంది, ఆ తరవాతివన్నీ కోడలు తడిమి చూశాకే ఇచ్చింది. పిల్లలకు ఇచ్చేటప్పుడు ఈ జాగ్రత్త మరిచిపోవద్దు.

డిజైను ఎంచుకునే వీలు లేదు. పూలు కుట్టండి, హృదయం కుట్టండి అని అడిగితే ఆమె చేయదు. మన చీరల్లో ఏది పైకి రావాలో ఆమే చూసుకుంటుంది, ఆ ఎంపిక బాగుంటుంది. ముదురు రంగు వైపు ఒకటి, లేత రంగు వైపు ఒకటి వచ్చేటట్టు చూస్తుంది. మూలల్లో మూడు కొసల అతుకు వేస్తుంది, అక్కడే ముందు చిరుగుతుంది కాబట్టి.

ఐదుకు నేను నాలుగున్నర ఇస్తాను. అర తగ్గించింది గడువుకు, సూది మొనకు.

మా అబ్బాయి ఈ దసరాకు కూడా ఇదే చేద్దామని ఇప్పుడే అంటున్నాడు, వాళ్ల ఆఫీసులో ఇద్దరు చీరలు కూడగడుతున్నారట. చేయించాలనుకునేవాళ్లు తెలుసుకోవాల్సింది ఇది: సంక్రాంతి కాగానే కోడలు పుణె వెళ్తుంది, ఉగాదికి గాని రాదు. అప్పటిదాకా అవ్వ ఒక్కతే ఉంటుంది కాబట్టి చిన్న బొంతలు మాత్రమే కుడుతుంది. ఉగాది తరవాత ఎండాకాలం పొలం పనులు తక్కువ, బొంతలకు అదే అసలు సీజను. ఆ లోపు నూలు చీరలు వేరు చేసి, ఉతికి, ఫాల్ విప్పి, పిన్నీసులు తీసి పెట్టుకోండి. అంగడికి పదకొండు లోపు వెళ్తే దొరుకుతుంది, మధ్యాహ్నం బస్సుకు ఆమె లేచిపోతుంది.